ప్రో బాక్సింగ్‌లోకి దిగాలనుకునే అమ్మాయి ముందుగా వేసుకోవాల్సిన లెక్కలు

మన దగ్గర ఒక అమ్మాయి గ్లవ్స్ తొడిగితే ముందున్న దారి అందరికీ తెలిసిందే. జిల్లా పోటీలు, స్టేట్ మీట్, నేషనల్స్, ఇండియా క్యాంపు, మధ్యలో ఎక్కడో స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం. నిజామాబాద్ నిఖత్ జరీన్ నడిచింది ఈ దారిలోనే. 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో, 2023లో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్ అయింది. అదంతా అమెచ్యూర్ బాక్సింగ్.

ప్రొఫెషనల్ బాక్సింగ్ దీనికి పై మెట్టు అని చాలామంది అనుకుంటారు. కాదు, అది వేరే వృత్తి. అక్కడ ఫెడరేషన్ రైలు టికెట్టు కొనదు, క్యాంపులో అన్నం పెట్టదు, డ్రా తీసి ప్రత్యర్థిని చూపించదు. ఎవరితో, ఏ బరువులో, ఎన్ని రౌండ్లు, ఎంత డబ్బుకు అన్నది మీరో మీ మేనేజరో మాట్లాడుకుని సంతకం పెట్టాలి. పంచ్ ఎంత బలంగా ఉన్నా ఈ లెక్కలు రాకపోతే రెండు మూడు ఫైట్లకే చేతులు ఖాళీ అవుతాయి.

రింగులో ఏం మారుతుంది

అమెచ్యూర్‌లో మహిళలకు మూడు రౌండ్లు, ఒక్కోటి 3 నిమిషాలు. హెడ్‌గేర్, 10 ఔన్సుల గ్లవ్స్, ఐదుగురు జడ్జీలు. ప్రోలో రౌండు 2 నిమిషాలే గానీ రౌండ్లు 4 నుంచి 10 దాకా ఉంటాయి. హెడ్‌గేర్ ఉండదు. మామూలుగా 147 పౌండ్ల వరకు 8 ఔన్సుల గ్లవ్స్, ఆపైన 10 ఔన్సులవి. జడ్జీలు ముగ్గురు. అమెచ్యూర్‌లో నాక్‌డౌన్‌కు (దెబ్బకు కింద పడటానికి) విడిగా పాయింటు లేదు, ప్రోలో ఒక్క నాక్‌డౌన్ పడితే ఆ రౌండు స్కోరు సాధారణంగా 10-8, అంటే పడినవాళ్లకు 8 పాయింట్లే.

మగవాళ్లకు 3 నిమిషాలు, 12 రౌండ్లు ఉన్నప్పుడు ఆడవాళ్లకు 2 నిమిషాలు, 10 రౌండ్లేమిటన్న గొడవ ఇంకా తెగలేదు. 2023 అక్టోబరులో ఒర్లాండోలో ప్రో బాక్సర్లు అమాండా సెరానో, డానిలా రామోస్ 12 రౌండ్లు, మూడేసి నిమిషాలు ఆడారు. ప్రపంచ టైటిళ్లిచ్చే సంస్థల్లో ఒకటైన డబ్ల్యూబీసీ అందుకు ఒప్పుకోకపోవడంతో సెరానో ఆ సంస్థ బెల్టునే వదులుకుంది. అదే సెరానో కేటీ టేలర్‌తో 2022, 2024, 2025లో ఆడిన మూడు ఫైట్లూ మాత్రం రెండు నిమిషాల రౌండ్లవే. కాబట్టి మీరు సిద్ధం కావాల్సింది రెండు నిమిషాలకే.

అమెచ్యూర్ నుంచి వచ్చినవాళ్లు తడబడేదీ ఇక్కడే. 3 నిమిషాలకు అలవాటుపడిన శరీరం మొదటి నలభై సెకన్లు ఎదుటివాళ్లను చదవడానికి వాడుకుంటుంది. రెండు నిమిషాల రౌండులో అది మూడో వంతు. మొదటి పది సెకన్లలో జాబ్ (ముందు చేత్తో నేరుగా వేసే పంచ్) పడాలి, చివరి ఇరవై సెకన్లలో వరస పంచ్‌ల కాంబినేషన్ కనిపించాలి. ఇంకో సంగతి, తాకి తప్పుకునే తేలికపాటి పంచ్‌లు 8 ఔన్సుల గ్లవ్స్ ఆటలో జడ్జీ కంటికి ఆనవు. బాడీ షాట్లు, వెనక కాలి నుంచి బరువు తెచ్చి వేసే క్రాస్ లేకుండా ప్రోలోకి వెళితే అందంగా ఆడి ఓడిపోతారు.

ముందు అమెచ్యూర్, ముందు ఉద్యోగం

కనీసం ముప్పై అమెచ్యూర్ బౌట్లు, రెండుసార్లయినా నేషనల్స్ అనుభవం లేకుండా ప్రో లైసెన్సు జోలికి వెళ్లొద్దన్నది మా గట్టి అభిప్రాయం. ఎడమచేతివాళ్లు, పొడుగువాళ్లు, కొట్టకుండా పట్టుకునేవాళ్లు, తల ముందుకు తెచ్చి గుద్దేవాళ్లు అందరూ అక్కడ ఖర్చు లేకుండా ఎదురవుతారు. ప్రోలో ఒక్కో పాఠానికీ రికార్డులో ఒక ఓటమి పడుతుంది.

ఈ పునాదికి తెలుగు నేల మీద విశాఖపట్నానికి మంచి పేరుంది. నిఖత్ నిజామాబాద్‌లో మొదలుపెట్టి 2009లో విశాఖలోని సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) కేంద్రంలో ద్రోణాచార్య అవార్డీ ఐ. వెంకటేశ్వరరావు దగ్గర చేరింది. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో రజతం గెలిచి, 2020లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్న నగిశెట్టి ఉషదీ విశాఖే. జిమ్ చూసుకునేటప్పుడు అద్దాలు, ఏసీ కాదు చూడాల్సింది. రింగు ఉందా, మీ బరువుకు దగ్గరగా కనీసం ముగ్గురు స్పారింగ్ (ప్రాక్టీసు ఫైట్) చేసేవాళ్లున్నారా, కోచ్ గంట కొట్టి రౌండ్లు నడిపిస్తాడా అని అడగండి. ఫిట్‌నెస్ కోసం బ్యాగు కొట్టించే చోట బాక్సర్ తయారవదు.

ఉద్యోగం సంగతి ఇంకా ముఖ్యం. రైల్వే, పోలీసు, బ్యాంకు ఉద్యోగాలు అమెచ్యూర్ పతకాలకు వస్తాయి, ప్రో రికార్డుకు రావు. కాబట్టి ఆ పతకాల పని ముందు పూర్తి చేయాలి. ఉద్యోగం వచ్చాక మరో చిక్కుంది. ప్రభుత్వ ఉద్యోగి డబ్బు తీసుకుని బయట ఆడాలంటే ప్రవర్తనా నియమావళి ప్రకారం ముందుగా శాఖ అనుమతి కావాలి. నోటిమాట పనికిరాదు. పోస్టర్ మీద ఫొటో పడకముందే ఎన్‌ఓసీ కాగితం చేతిలో ఉండాలి.

ఒలింపిక్స్ ఆశ ఉంటే ఇంకా జాగ్రత్త. మణిపూర్‌కు చెందిన సరితాదేవి 2017 జనవరిలో ఇంఫాల్‌లో హంగరీ బాక్సర్ సోఫియా బెడోతో ప్రో ఫైట్ ఆడి గెలిచింది, 2018లో మళ్లీ ఢిల్లీ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అమెచ్యూర్‌గా దిగింది. అంటే తలుపు ఒకసారి మూసుకుంటే ఇక తెరుచుకోదని కాదు. కానీ నిబంధనలు మారుతుంటాయి. ప్రో ఒప్పందం మీద సంతకానికి ముందు బాక్సింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియాకు మెయిల్ రాసి, జవాబు రాతపూర్వకంగా తెచ్చుకోండి. 2028 లాస్ ఏంజెలెస్‌లో మహిళల బరువులు 51, 54, 57, 60, 65, 70, 75 కిలోలు. మీ సహజ బరువు వీటిలో దేనికి దగ్గరో ఇప్పుడే చూసుకోవాలి.

2025 నుంచి అంతర్జాతీయ అమెచ్యూర్ సంస్థ వరల్డ్ బాక్సింగ్ పోటీల్లో మహిళా విభాగానికి పుట్టుకతో ఏ లింగమో తేల్చే జన్యు పరీక్ష తప్పనిసరి అయింది. అదే ఏడాది లివర్‌పూల్ ప్రపంచ చాంపియన్‌షిప్‌కు వెళ్లిన ఫ్రాన్స్ అమ్మాయిలు ఫలితాలు సమయానికి అందక రింగు ఎక్కకుండానే వెనుదిరిగారు. పరీక్ష ఒకసారి చేయిస్తే చాలు, దాన్ని చివరి వారానికి పెట్టుకోవద్దు.

లైసెన్సు, పరీక్షలు

అమెరికాలో రాష్ట్రానికో కమిషన్, బ్రిటన్‌లో బాక్సింగ్ బోర్డ్ ఆఫ్ కంట్రోల్ ఉన్నట్టు మన దేశంలో ప్రో బాక్సింగ్‌ను నడిపే, అందరూ ఒప్పుకునే ఒకే వ్యవస్థ లేదు. ఇండియన్ బాక్సింగ్ కౌన్సిల్ లాంటి ప్రైవేటు సంస్థలు లైసెన్సులిచ్చి, ఫైట్లను పర్యవేక్షిస్తాయి. ఏ ఈవెంటుకైనా ఒప్పుకునే ముందు మూడు ప్రశ్నలు అడగండి: మంజూరు చేస్తున్నది ఎవరు? ఫలితం బాక్సర్ల రికార్డులుండే వెబ్‌సైటు బాక్స్‌రెక్‌లో నమోదవుతుందా? రింగు పక్కన డాక్టరు, అంబులెన్సు ఉంటాయా? ఈ మూడింటిలో ఒక్కదానికి నీళ్లు నమిలినా ఆ ఫైట్ మీది కాదు. అమెరికాలో పెరిగిన తెలుగు అమ్మాయిలైతే రాష్ట్ర కమిషన్ లైసెన్సుతో పాటు ఫెడరల్ ఐడీ కార్డు కూడా తీసుకోవాలి. అది లేకుండా అక్కడ ఏ ప్రో ఫైట్‌లోనూ దిగనివ్వరు.

పరీక్షల పట్టీ చోటును బట్టి కొంత మారినా మామూలుగా అడిగేవి ఇవి. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, హెపటైటిస్ సీ, పూర్తి రక్తపరీక్ష, ఈసీజీ, మెదడుకు సీటీ లేదా ఎమ్మారై, కంటి పాపను పెద్దది చేసి చూసే రెటీనా పరీక్ష. ఆడవాళ్లకు ఫైటుకు దగ్గర్లో గర్భ నిర్ధారణ పరీక్ష అదనం. హెపటైటిస్ బీ టీకా పూర్తవడానికి ఆరు నెలలు పడుతుంది (మొదటి రోజు, నెలకు, ఆరో నెలకు), కాబట్టి లైసెన్సు ఆలోచన రాగానే తొలి డోసు వేయించుకోండి. రిపోర్టుల గడువు కమిషన్‌ను బట్టి మారుతుంది. తేదీలన్నీ ఒక కాగితం మీద రాసి పాస్‌పోర్టులో పెట్టుకుంటే ఎయిర్‌పోర్టు హడావుడి తప్పుతుంది.

కళ్లద్దాలు వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. చూపు సరిచేసుకోవాలనుకుంటే లేసిక్ వద్దు. అందులో కార్నియా మీద పొర లేపి తిరిగి అతికిస్తారు, దెబ్బకు ఆ పొర జరిగే ప్రమాదం ఉంది. పొర లేపని పీఆర్‌కే పద్ధతి గురించి డాక్టర్ని అడగండి, బాక్సర్‌నన్న సంగతి దాచకుండా చెప్పండి. మైనస్ పవర్ ఎక్కువగా ఉన్నవాళ్లకు రెటీనా పలచబడి ఉండొచ్చు. అది తేలాక ఆడాలా వద్దా అన్నది కోచ్ నిర్ణయించేది కాదు.

బరువు: అందరూ ఎక్కువగా చెడగొట్టుకునేది

అమెచ్యూర్‌లో పోటీ రోజు పొద్దున్నే బరువు తూస్తారు కాబట్టి విపరీతంగా దించితే ఆ సాయంత్రమే శిక్ష పడుతుంది. ప్రోలో తూకం సాధారణంగా ముందురోజు. మధ్యలో ఒక రాత్రి ఉంది కదా అన్న ధీమాతో ఐదారు కిలోల నీళ్లు పిండేసుకునేవాళ్లున్నారు. నీళ్లు ఒంటికి ఒక్క రాత్రిలో తిరిగొచ్చినట్టే కనిపిస్తాయి గానీ, ఆ లోటు మీద తలకు తగిలే దెబ్బ మామూలు దెబ్బ కాదు.

ఉదాహరణకు ఫ్లైవెయిట్ తీసుకుందాం. పరిమితి 112 పౌండ్లు, అంటే 50.80 కిలోలు. మామూలు రోజుల్లో మీ బరువు 55 కిలోలకు మించి ఉంటే ఆ విభాగం మీది కాదు, పైన 115 (52.16 కిలోలు) లేదా 118 (53.52 కిలోలు) చూసుకోండి. 55 నుంచి మొదలైతే లెక్క ఇలా ఉంటుంది. ఫైటుకు ముందు ఎనిమిది వారాల శిక్షణ క్యాంపులో మొదటి ఆరు వారాలు వారానికి 400 నుంచి 500 గ్రాములు మాత్రమే, అదీ కొవ్వు నుంచి. అప్పటికి 52.3 దగ్గరుంటారు. చివరి మూడు రోజులు పీచు తగ్గించాలి. జొన్నరొట్టె, రాగిసంకటి, ఆకుకూరలు ఆపి తెల్లన్నం, గుడ్డు, పెరుగు తింటే పేగుల్లోని బరువే దాదాపు అర కిలో తగ్గుతుంది. ఆరోగ్యమని ఆఖరి రోజు వరకు రాగిజావ తాగడం ఇక్కడ అడ్డమవుతుంది. మిగిలిన కిలో నీటిది. ఆవకాయ, అప్పడం, చిప్స్ నాలుగు రోజుల ముందే మానేస్తే అందులో సగం దానంతటదే పోతుంది. మిగతాది తేలికపాటి స్కిప్పింగ్ చెమటతో, వేడినీళ్ల స్నానంతో. వేడినీళ్లలో పది నిమిషాలుండి బయటికొచ్చి తూకం చూసుకోవాలి, పక్కన ఎవరో ఒకరు ఉండాలి, కళ్లు తిరిగితే అక్కడితో ఆపేయాలి.

మే నెల ఎండలో ప్లాస్టిక్ సూటు వేసుకుని పరిగెత్తడం వడదెబ్బను పిలిచి తెచ్చుకోవడమే. మూత్రం పోయే మాత్రలు డోపింగ్ నిషేధిత జాబితాలో ఉన్నాయి. లేసిక్స్ ఒక్క బిళ్ల మింగినా పట్టుబడితే సస్పెన్షన్, పట్టుబడకపోతే పొటాషియం తగ్గి గుండె లయ తప్పే ప్రమాదం.

క్యాంపులో తిండి తగ్గించినా ప్రొటీన్ తగ్గకూడదు. 52 కిలోల మనిషికి రోజుకు 95 నుంచి 100 గ్రాములు కావాలి. నాలుగు గుడ్లు (24), 200 గ్రాముల చికెన్ (44), అర లీటరు పాలు లేదా పెరుగు (16), 50 గ్రాముల కందిపప్పు (11) కలిపితే సరిపోయింది. మాంసం తినని ఇంట్లో చికెన్ బదులు 80 గ్రాముల సోయా మీల్‌మేకర్ వాడుకోవచ్చు.

నెలసరి గురించి కోచ్‌తో మాట్లాడటానికి సిగ్గుపడి బరువు తప్పినవాళ్లు తక్కువ మందేం కాదు. నెలసరికి ముందు రోజుల్లో ఒక కిలో, కొందరికి అంతకంటే ఎక్కువ, నీరు ఒంట్లో నిలుస్తుంది. మూడు నెలల పాటు రోజూ పొద్దున్న బరువూ నెలసరి తేదీలూ ఒకే నోటుబుక్కులో రాసుకుంటే మీ లెక్క మీకే తెలుస్తుంది. ఫైట్ తేదీ ఒప్పుకునేటప్పుడు ఆ పుస్తకం చూడండి. నెలసరిని వాయిదా వేయడానికి పెళ్లిళ్లప్పుడు వాడే నోరెథిస్టెరాన్ మాత్రలు డాక్టరు చెప్పకుండా వేసుకోవద్దు. వేసుకుంటే డోపింగ్ ఫారంలో తప్పక రాయండి, ఎందుకంటే వాటి వల్ల మూత్రంలో నిషేధిత స్టెరాయిడ్ నాండ్రోలోన్ తరహా ఆనవాళ్లు కనిపించొచ్చు. వరసగా మూడు నెలలు నెలసరి రాలేదంటే అది ఫిట్‌నెస్ కాదు, తిండి చాలడం లేదని అర్థం. ఎముకలు పలచబడతాయి, అరికాలిలో, ముంజేతిలో సన్నని పగుళ్లు మొదలవుతాయి. క్యాంపు ఆపి డాక్టర్ని కలవాలి. హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) కూడా చూపించుకోండి.

తూకం దిగాక మొదటి గుటక నుంచీ తొందర వద్దు. ఎంత నీరు పోయిందో దానికి ఒకటిన్నర రెట్లు, నాలుగైదు గంటల్లో, గుటకలు గుటకలుగా ఓఆర్‌ఎస్ తాగాలి. ఓఆర్‌ఎస్ అంటే మెడికల్ షాపులో డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉండే పొడి, ఒక ప్యాకెట్ ఒక లీటరుకు. తియ్యటి జ్యూస్ డబ్బా కాదు. గంట తర్వాత మెత్తటి అన్నం, పప్పుచారు, అరటిపండు. గెలుపు ముందే పండగ చేసుకున్నట్టు బిర్యానీ తింటే మర్నాడు మూడో రౌండులో అది గొంతులోకి వస్తుంది.

క్యాంపు

నాలుగు రౌండ్ల ఫైటుకు ఆరు వారాలు, ఆరు లేదా అంతకు మించిన రౌండ్లకు ఎనిమిది. వారానికి మూడు రోజులు స్పారింగ్, 14 లేదా 16 ఔన్సుల గ్లవ్స్‌తో, హెడ్‌గేర్‌తో. రౌండు 2 నిమిషాలే పెట్టండి, విశ్రాంతి నిమిషం బదులు 45 సెకన్లివ్వండి. నాలుగు రౌండ్ల ఫైటుకు నాలుగో వారానికల్లా ఆరు రౌండ్లు ఆడగలగాలి. చివరి గట్టి స్పారింగ్ ఫైటుకు పది రోజుల ముందు, ఆ తర్వాత కోచ్ పట్టే ప్యాడ్లు, ఎదురుగా ఎవరూ లేకుండా గాల్లో ఆడే షాడో మాత్రమే. ఈ పది రోజుల నిబంధన తప్పినవాళ్లు కంటిపై కోతతో, వాచిన బొటనవేలితో తూకానికి వస్తారు.

మన జిమ్‌లలో అమ్మాయిలు తక్కువ, అబ్బాయిలతోనే స్పారింగ్ చేయాల్సి వస్తుంది. అలాంటప్పుడు అనుభవమున్న, మీకంటే కాస్త తేలికైన కుర్రాణ్ని ఎంచుకోవాలి. కొత్తవాడు వద్దు, వాడికి బలం ఆపుకోవడం రాదు. రౌండుకు ముందే పని చెప్పాలి: నువ్వు జాబ్ మాత్రమే, నువ్వు బాడీకి మాత్రమే, ఇలా. ఇలా నడిపితే అబ్బాయిల వేగం మీకు లాభం. జిమ్‌లో తలకు దెబ్బ తగిలి తూలితే ఏ కమిషనూ రాసుకోదు. అందుకే ఆ తేదీ మీరే రాసుకోవాలి, తలనొప్పి, వెలుతురు చూడలేకపోవడం పూర్తిగా పోయి డాక్టరు సరే అనేదాకా స్పారింగ్ మానాలి.

చేతికట్టు, కార్నర్

జిమ్‌లో వాడే నాలుగున్నర మీటర్ల బట్ట కట్టు మీరే కట్టుకుంటారు. ప్రో ఫైట్ రాత్రి గాజ్ (గాయాలకు కట్టే పలుచటి బట్ట), టేపుతో ఇంకొకరు కడతారు. ఎదుటి క్యాంపు మనిషి నిలబడి చూడొచ్చు, అధికారి చూసి కట్టు మీద సంతకం పెడతాడు. నెవాడా నిబంధనల్లో చేతికి 2 అంగుళాల వెడల్పున్న గాజ్ 20 గజాల దాకా, టేపు 10 అడుగుల దాకా వాడొచ్చు. మిగతా చోట్ల కొలతలు కొంచెం అటూ ఇటూ.

పద్ధతి ఇది. వేళ్లు పూర్తిగా చాచి పెట్టండి. మణికట్టు చుట్టూ మూడు నాలుగు చుట్లు, తర్వాత బొటనవేలి మొదలు చుట్టి అరచేతి మీదుగా పైకి. పిడికిలి కణుపుల మీద గాజ్‌ను ఆరేడు మడతలు వేసి మెత్తలా పెట్టి, దాన్ని కదలకుండా చుట్టాలి. వేళ్ల సందుల్లోంచి సన్నగా తీసుకొచ్చి మళ్లీ మణికట్టు దగ్గర ముగించాలి. టేపు మణికట్టుకూ అరచేతి వెనక భాగానికీ వేయాలి గానీ కణుపుల మీదికి రాకూడదు, చాలా కమిషన్లు అక్కడే విప్పించేస్తాయి. ప్రతి దశలో పిడికిలి బిగించి విప్పి చూడండి. విప్పినప్పుడు వదులుగా, బిగించినప్పుడు గట్టిగా ఉండాలి. విప్పినప్పుడే బిగుతుగా ఉంటే రెండో రౌండుకు వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మణికట్టు వదులైతే పక్క నుంచి వేసే హుక్ తగిలినప్పుడు చేయి మడతపడి చిటికెన వేలి వెనక ఎముక విరగొచ్చు.

మౌత్‌గార్డు వేడినీళ్లలో కొరికేది కాకుండా డెంటిస్టు అచ్చు తీసి చేసింది పెట్టుకోండి, రెండోది కార్నర్ బకెట్లో ఉంచండి. చెస్ట్ గార్డు వేసుకునే అనుమతి, సైజు ముందే అడిగి తెలుసుకోవాలి. జుట్టు గట్టిగా జడలల్లి మెత్తటి రబ్బరు బ్యాండ్లతో కట్టాలి, పిన్నులు కూడదు. జుట్టు కళ్లలోకి ఊడితే రిఫరీ ఆపుతాడు, ఊపు మీరే పోగొట్టుకుంటారు. ముక్కుపుడక, చెవి దిద్దులు, మెట్టెలు, మంగళసూత్రం తీయాల్సిందే. టేపు అంటించి కప్పడం ఒప్పుకోరు. ముక్కుపుడక బిగుసుకుపోయి రాకపోతే వారం ముందే తీయించండి. తూకం వేసే చోట మహిళా అధికారి, అడ్డుతెర కావాలని ముందే అడగండి. అది మీ హక్కు, గొంతెమ్మ కోరిక కాదు.

కార్నర్‌లో ముగ్గురు చాలు: మాట్లాడే కోచ్ ఒకరు, కోతలు చూసే కట్‌మ్యాన్ ఒకరు, స్టూలు, నీళ్లు అందించేవారు ఒకరు. నిమిషం విశ్రాంతిలో మొదటి పదిహేను సెకన్లు ఎవరూ మాట్లాడకూడదు, ఊపిరి తీసుకోనివ్వాలి. తర్వాత కోచ్ ఒక్క మాటే చెప్పాలి. ముగ్గురూ ఒకేసారి అరిస్తే ఆమె చెవికి ఒక్కటీ ఎక్కదు. కట్‌మ్యాన్ పెట్టెలో ఐసులో ఉంచిన ఎన్‌స్వెల్ (వాపు అణిచే చల్లటి లోహపు దిమ్మ), వాజిలిన్, దూది పుల్లలు, గాజ్, కత్తెర, కమిషన్ ఒప్పుకున్న, రక్తం ఆపే 1:1000 అడ్రినలిన్ ఉండాలి. వాచిన చోట ఎన్‌స్వెల్ అదిమి పెట్టాలి తప్ప రుద్దకూడదు, రుద్దితే వాపు పక్కకు పాకుతుంది.

సంతకానికి ముందు

ఎవరైనా కాగితం పెట్టి ఇక్కడ సంతకం పెట్టమ్మా అంటే ఇంటికి తీసుకెళ్లి చదువుతానని చెప్పండి. పద్దెనిమిది నిండకుండా చేసిన ఒప్పందం చెల్లదు, అమ్మానాన్నలతో పెట్టించుకున్నా ప్రో ఫైటుకు పనికిరాదు. మొదటి ఒప్పందం ఏడాది, మహా అయితే రెండేళ్లు లేదా నాలుగైదు ఫైట్లకు మించొద్దు. ఏడాదికి కనీసం మూడు ఫైట్లు ఇప్పిస్తామని, లేకపోతే ఒప్పందం రద్దని రాయించండి. ఈ ఒక్క వాక్యం లేక రెండేళ్లు ఫైట్ రాక, వేరే చోటికి పోలేక కూర్చోవాల్సి వస్తుంది. గాయమైతే గడువు తనంతట తానే పొడిగించుకునే షరతుకు హద్దు పెట్టండి. ఈవెంటు పెట్టే ప్రమోటరూ మీ మేనేజరూ ఒకే మనిషి కాకూడదు, మీ పర్సు (ఫైటుకు మీకిచ్చే డబ్బు) తగ్గితే లాభపడే మనిషి మీ తరఫున బేరమాడలేడు. ఒప్పందం ముగిశాక కూడా ఇంకెవరికీ ఆడకూడదని రాసుకున్నా భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు అది సాధారణంగా నిలవదు. అయినా కోర్టు దాకా ఎందుకు, ఆ వాక్యాన్ని కొట్టేయించండి.

డబ్బు లెక్క ఒకసారి కాగితం మీద వేయండి. పర్సు లక్ష అనుకుందాం. మేనేజరుకు 20 శాతం, ట్రైనరుకు 10, కట్‌మ్యాన్‌కు 2. మిగిలింది 68 వేలు. పరీక్షలు, ప్రయాణం మీ నెత్తిన పడి 25 వేలయ్యాయంటే 43 వేలు. ఎనిమిది వారాల తిండి, జిమ్ ఫీజు తీసేస్తే ఇంటికొచ్చేది ఎంతో మీరే చూసుకోండి. ఇది ఊహాలెక్కే గానీ శాతాలు మాత్రం ఈ వృత్తిలో మామూలుగా నడిచేవే. అమెరికాలో మేనేజరు వాటా మూడో వంతు దాకా వెళుతుంది. అందుకే టికెట్లు, హోటలు, పరీక్షల ఖర్చు ఎవరిదో, పర్సు ఏ రోజు ఎలా ఇస్తారో, ఎదుటి బాక్సర్ బరువు తప్పితే మీకెంత ఇస్తారో, ఈవెంటు రద్దయితే ఏమిటో అన్నీ రాయించాలి. టీడీఎస్ కోస్తే సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. పర్సు బదులు టికెట్లిచ్చి అమ్ముకోమనేవాళ్లూ ఉంటారు. అమ్ముడుపోని టికెట్ల భారం ఎవరిదని ముందే అడగాలి.

మామూలు ఆరోగ్య బీమా మీద ఆధారపడొద్దు. ప్రొఫెషనల్‌గా ప్రమాదకర క్రీడలు ఆడితే అయ్యే చికిత్సకు వర్తించదన్న షరతు దాదాపు ప్రతి పాలసీలో ఉంటుంది. ఫైటుకు ప్రమోటరు బీమా తీసుకున్నాడా, కాపీ ఏదీ అని అడగండి. ఇంకొకటి, లైంగిక వేధింపుల నిరోధానికి తెచ్చిన 2013 చట్టం స్టేడియంలను, శిక్షణ కేంద్రాలను, పోటీ వేదికలను కూడా పనిచేసే చోటుగానే లెక్కిస్తుంది. కోచ్‌తో ఊరు దాటి వెళ్లేటప్పుడు గది వేరుగా ఉంటుందని ప్రయాణానికి ముందే మెయిల్‌లో ఖాయం చేసుకోండి.

ఎవరితో ఆడాలి

తొలి ఫైట్ నాలుగు రౌండ్లు, రెండు మూడు ఫైట్లకు మించి అనుభవం లేని మనిషితో. పేరు చెప్పగానే బాక్స్‌రెక్‌లో చూడండి: చివరి ఫైట్ ఎప్పుడు, ఏ బరువులో, ఓటములు నాకౌట్లా పాయింట్లా, ఇప్పుడు సస్పెన్షన్‌లో ఉందా. రెండేళ్లుగా ఆడని మనిషిని తెచ్చి పెడితే గెలిచినా మీకేమీ రాదు. వరసగా ఓడుతున్నవాళ్ల మీద విదేశాల్లో సులువైన గెలుపులు పేర్చుకోవచ్చు గానీ, మ్యాచ్‌మేకర్లు ఆ రికార్డును ఒక్క చూపులో చదివేస్తారు. పది రోజుల ముందు ఫోన్ చేసి రెండు విభాగాల పైబరువులో ఆడతావా అంటే కాదనండి.

నాలుగైదు నాలుగు రౌండ్ల ఫైట్లు, తర్వాత ఆరు, ఆపైన ఎనిమిది. ఈ లోపు అమెరికా బాక్సర్ క్లారెసా షీల్డ్స్ నాలుగో ప్రో ఫైట్‌లోనే ప్రపంచ బెల్టులు గెలిచిందని, కేటీ టేలర్ ఏడో ఫైట్‌లో గెలిచిందని ఎవరో గుర్తుచేస్తారు. వాళ్లు ఒలింపిక్ స్వర్ణాలతో వచ్చినవాళ్లు. అయితే ఒక మాట నిజం: మహిళల విభాగాల్లో బాక్సర్లు తక్కువ, మంచి అమెచ్యూర్ నేపథ్యమున్న అమ్మాయికి పెద్ద అవకాశం మగవాళ్లకంటే త్వరగా తలుపు తడుతుంది. అది పది రౌండ్లకు సిద్ధం కాకముందే వస్తే నష్టమే. టైటిల్ ఫైట్ అయితే పర్సులోంచి ఆ టైటిల్ ఇచ్చే సంస్థకు శాంక్షన్ ఫీజు, సాధారణంగా 3 శాతం, పోతుంది. డబ్ల్యూబీసీ టైటిల్‌కు నెల ముందే బరువు చూపించాలి, పరిమితికి 10 శాతం మించకూడదు.

ఫైట్ అయిన రాత్రి

గెలిచినా ఓడినా డాక్టరు చూడకుండా బయటికి రావద్దు. తలకు గట్టి దెబ్బలు తగిలి ఉంటే ఆ రాత్రి ఒంటరిగా పడుకోకూడదు. నొప్పికి పారాసెటమాల్ తప్ప బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటివి వద్దు, లోపల రక్తస్రావం ఉంటే అవి పెంచుతాయి. వాంతులు, పెరిగే తలనొప్పి, మాట తడబడటం, ఒక కంటిపాప పెద్దదవడం, కంటి ముందు మెరుపులు లేదా నల్లతెర కనిపిస్తే పొద్దుటిదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. నాకౌట్ అయితే కమిషన్లు సాధారణంగా 30 నుంచి 90 రోజుల వైద్య సస్పెన్షన్ వేస్తాయి, అది స్పారింగ్‌కూ వర్తిస్తుంది. వారంలోగా బాక్స్‌రెక్‌లో మీ పేరు, ఫలితం, బరువు సరిగా ఎక్కాయో చూసుకోండి. తప్పుంటే మంజూరు చేసిన సంస్థకు స్కోరు కార్డు ఫొటోతో సహా రాయండి. పర్సు ఒప్పందంలో రాసిన రోజున ఖాతాలో పడకపోతే మర్నాడే మెయిల్ పెట్టండి, ఫోన్‌లో అడిగి ఊరుకోవద్దు.